బూడిద నీలం

అరవై కిలోల నూలు పాడైన సంగతి మంగళవారం పొద్దున తెలిసింది. నిజానికి అది సోమవారం మధ్యాహ్నమే పాడైంది. తడి ఆరేదాకా తెలియలేదు, అంతే. తడి నూలు మీద రంగును నమ్మకూడదన్నది ఆ రంగుల షెడ్డులో పనికి చేరినవాళ్ళు నేర్చుకునే మొదటి పాఠం. మేస్త్రి రంగు చెప్పాక మారుమాట ఉండదన్నది రెండోది. మొదటిది మేస్త్రే నేర్పుతాడు. రెండోది ఎవరూ నేర్పరు. వారం తిరిగేసరికి దానంతట అదే వస్తుంది.

షెడ్డు వెనక తీగల మీద నూలు చుట్టలు వరసగా వేలాడుతున్నాయి. ఆసుపత్రి దుప్పట్ల కోసం అడిగిన రంగు బూడిద నీలం. తీగల మీద ఉన్నది నాలుగు వానలకు పాచి పట్టిన గోడ రంగు.

మేస్త్రి ఒక చుట్టను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో పోగులు విడదీశాడు. గోడ నీడలోకి నడిచి, నమూనా గుడ్డముక్కను దాని పక్కన పెట్టి, తల కాస్త ఎడమకు తిప్పి కుడికంటితో చూశాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు నూలును చూడడం మానేసి ఆయన మొహాన్ని చూస్తున్నారు. కాసేపటికి ఆయన కూడా నూలును వదిలేసి వాళ్ళ మొహాలు చూశాడు.

"కాస్త తేడా ఉన్నట్టుందే," అన్నాడు.

"కాస్తేనా?" అని ఎవరూ అనలేదు.

యజమాని ఆ షెడ్డులో తొట్ల మధ్య ఆడుకుంటూ పెరిగినవాడు. ఏ రంగులో ఏది కలిపితే ఏమవుతుందో మేస్త్రి మోకాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. చేతిలో ఉన్న కాగితాన్ని ఒకసారి మడిచి, మళ్ళీ విప్పాడు.

"మీ లెక్క ఎప్పుడు తప్పింది బాబాయ్? తూకంలో ఏదో జరిగుంటుంది," అన్నాడు.

తప్పు ఎక్కడో ఒకచోట ఉండాలి. మేస్త్రి దగ్గర ఉండడానికి వీల్లేదు. అందరి చూపూ త్రాసు వైపు తిరిగింది.

త్రాసు దగ్గర కూర్చునేది మేస్త్రి కోడలే. షెడ్డులో అందరూ తూకమక్క అంటారు. మేస్త్రి చెప్పిన ప్రకారం రంగుపొడులు తూచి, కాగితంలో పొట్లం కట్టి తొట్టి దగ్గరికి పంపడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చోలేదు. ఆమె గోళ్ళ చివర ఉన్న నీలం ఏ సబ్బుకూ పోదు.

"నిన్న త్రాసు సరిచూసుకున్నావా అమ్మా?" మేస్త్రి అడిగాడు. గొంతులో కోపం లేదు.

"చూసుకున్నాను మేస్త్రిగారూ." ఇంట్లో మావయ్యా అంటుంది. షెడ్డులో అనదు.

"నీలం రెండు వందల గ్రాములు చెప్పాను."

"అవును."

"రెండు వందలూ వేశావా?"

ఆమె వేసింది నూట అరవై.

"వేశాను," అంది. రెండేళ్ళుగా చెబుతున్న అబద్ధమే కాబట్టి గొంతు తడబడలేదు. ముందటేడు వానాకాలంలో ఒకరోజు ఆయన చెప్పిన నీలం ఆమెకు ఎక్కువనిపించింది. చెప్పినంతే వేసింది. నూలు ఆరాక రంగు ముదిరిపోయింది. ఆరోజు తప్పును మబ్బు మీదికి తోసేశారు. మర్నాడు ఆమె కొంచెం తగ్గించి వేసింది. రంగు సరిగ్గా వచ్చింది. మేస్త్రి సంతోషపడ్డాడు. అప్పటినుంచి తగ్గిస్తూనే ఉంది. మొదట్లో పదోవంతు, ఇప్పుడు ఐదోవంతు. తగ్గించిన పొడిని మళ్ళీ డబ్బాలో పోసేసేది. ఇంతకాలంలో ఒక్క వాయి నూలు కూడా తప్పు పోలేదు.

నిన్న కూడా అలాగే తగ్గించింది. మరి పచ్చగా ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. చెయ్యి తప్పి ఇంకా తగ్గించానా అని తన మీద తనకే అనుమానం వచ్చింది. ఆ అనుమానం మొహంలో కనిపించి ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నేల చూపులు చూశారు.

"ఓ నెలరోజులు కడుగుడు తొట్టి దగ్గర ఉండక్కా," అన్నాడు యజమాని, ఆమె వైపు చూడకుండా. "త్రాసు దగ్గర కట్టలక్క కూర్చుంటుంది."

కట్టలక్క అంటే ఆరిన నూలును కట్టలు కట్టే యాభై ఏళ్ళ మనిషి. ఆవిడ రెండు చేతులూ కొంగుకు తుడుచుకుని, "నాకెందుకయ్యా ఆ పని," అంది. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కబురు ఆమెకంటే ముందే వచ్చి కూర్చుంది. అత్తగారు కూర తరుగుతోంది. కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"పద్నాలుగేళ్ళ నుంచి చేస్తున్న పనే కదే. అరవై కిలోలంట. చూసుకోవద్దూ?"

"చూసుకోవాల్సింది అత్తయ్యా."

"మీ ఆయన ఊళ్ళో లేడు కాబట్టి సరిపోయింది. ఉంటే వాడొకటి, నేనొకటి. ఆదివారం వచ్చేదాకా వాడికి చెప్పకు. ఆ ముక్కలు ఇటివ్వు."

ఆమె ముక్కలు అందించింది. కడుగుడు తొట్టిలో రోజంతా చన్నీళ్ళలో నానిన వేళ్ళు ముడతలు పడి, ఎవరివో అయినట్టున్నాయి. రంగు తొట్టిలోంచి తీసిన నూలును అక్కడ ముంచి, పిండి, మళ్ళీ ముంచాలి. నీళ్ళు తేటగా దిగేదాకా ముంచుతూనే ఉండాలి. దానికి తెలివి అక్కర్లేదు. నడుము కావాలి.

మామగారు స్నానం చేసి వచ్చి, మంచం మీద పెట్టి ఉన్న చొక్కా తొడుక్కున్నాడు. ఏ రోజు ఏ చొక్కానో అత్తగారే తీసి పెడుతుంది. భోజనానికి కూర్చున్నాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, నీ మనసు కష్టపడి ఉంటుంది."

"లేదు మావయ్యా."

"లేదంటే ఎలా. ఇంటి మనిషివని నిన్ను వెనకేసుకు రాలేదు నేను. వస్తే రేపు ఆ షెడ్డులో నా మాటకు విలువేముంది? తప్పు అందరికీ జరుగుతుంది. నేను పనిలో చేరిన కొత్తలో మూడు తొట్లు ఎర్రగా తగలబెట్టాను. మా మేస్త్రి నన్ను నెల్లాళ్ళు బొగ్గు మోయించాడు. నీకు చన్నీళ్ళతో పోయింది." నవ్వాడు. "నెల తిరగనీ. నేనే యజమానికి చెప్పి కూర్చోబెడతాను."

ఆయన క్షమిస్తున్నాడు. మనస్ఫూర్తిగానే క్షమిస్తున్నాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు ఎత్తి కొంచెం తాగింది.

"ఇంకాస్త వేసుకో," అన్నాడాయన, కూరగిన్నె ఆమె వైపు జరుపుతూ. చెయ్యి గిన్నెకు ఎడంగా, గాలిలోకి పోయి, వెనక్కి వచ్చి గిన్నెను పట్టుకుంది. అత్తగారు అదేమీ చూడనట్టు పక్కకు తిరిగి పిల్లిని అదిలించింది. అక్కడ పిల్లి లేదు.

*

బుధవారం మధ్యాహ్నం టీ వేళ, అందరూ ఆవిరి అని పిలిచే పనివాడు వచ్చి కడుగుడు తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. పొగలు కక్కే తొట్టి దగ్గర కర్రలతో నూలు తిప్పుతూ ఇరవై ఏళ్ళు గడిపినవాడు. ఎండాకాలంలో కూడా అతని మొహం అప్పుడే కడుక్కున్నట్టుంటుంది. ఇన్నాళ్ళూ రెండో షెడ్డులో ఉండేవాడు; అక్కడి త్రాసు వేరు, తూచేవాళ్ళు వేరు. అక్కడ బాయిలరు చెడిపోవడంతో సోమవారం నుంచి ఇక్కడి మూడో తొట్టికి పంపారు. పచ్చగా పోయిన నూలు ఆ తొట్టిలోదే.

"అక్కా, ఒక్క మాట. నవ్వకూడదు."

"నవ్వే ఓపిక ఎక్కడుంది? చెప్పు."

అతను అటూ ఇటూ చూశాడు. "సోమవారం నువ్వు పంపిన పొట్లం వేశాక ఆ తొట్టిలో నేను ఓ గరిటెడు పసుపు కలిపాను."

ఆమె చేతిలోని నూలు నీళ్ళలోకి జారింది.

"ఏ పసుపు?"

"ముదురు పసుపు. అక్కడ రోజూ కలిపేవాణ్ణి. మేస్త్రిగారు చెప్పినట్టు వేస్తే నీలం పొంగిపోతోంది. ఓ గరిటెడు వేస్తే అణుగుతుంది. ఏడాదిన్నరగా ఇదే పని. ఇక్కడా అంతేనేమోనని..."

"ఇక్కడ నేను తగ్గిస్తున్నాను."

"ఏం తగ్గిస్తున్నావు?"

"నీలం. రెండు వందలంటే నూట అరవై."

ఆవిరి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వొద్దన్నవాడే ముందు నవ్వాడు. ఆమెకూ నవ్వు వచ్చింది. తొట్టి అంచు పట్టుకుని కళ్ళు మూసుకుని, చప్పుడు బయటికి రాకుండా నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"అంటే ఇద్దరం చెరో వైపూ సర్ది ముంచేశాం," అన్నాడు.

"ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది కదయ్యా నాకు."

"ఎలా చెప్పను? నువ్వాయన కోడలివి. పోయి ఇంట్లో చెబితే నేను ఆయన మొహం ఎలా చూడను? నువ్వు చెప్పావా మరి?"

"నువ్వాయన శిష్యుడివి."

"అదీ సంగతి." అతను టీ గ్లాసు అడుగున మిగిలిన చుక్కను నేల మీద పారబోశాడు. "తిలాపాపం తలా పిడికెడు. కానీ తల మాత్రం నీది పోయింది."

"నువ్వు వెళ్ళి యజమానితో చెప్పు, పసుపు వేశానని."

"చెబుతాను. ఎందుకు వేశావంటాడు. అప్పుడేం చెప్పను? మేస్త్రిగారి కళ్ళు పోయాయని చెప్పనా?" ఆ మాట బయటికి వచ్చాక అతనే ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. షెడ్డు లోపల మేస్త్రి మూడో తొట్టి మీదికి వంగి, పైకి లేచే పొగల్లో చెయ్యి అటూ ఇటూ ఊపి, లోపల ఏముందో చూడడానికి ప్రయత్నిస్తున్నాడు. "నా చేతికి పని నేర్పిన మనిషక్కా. మొదటిరోజు నా చెయ్యి పట్టుకుని కర్ర తిప్పించాడు. నా వల్ల కాదు."

ఆమె వల్ల కూడా కాదు. నీళ్ళలో మునిగిపోయిన నూలును వెతికి తీసి పిండడం మొదలుపెట్టింది.

*

గురువారం ఆమె యజమాని గదికి వెళ్ళింది. రాత్రి నిద్రలేదు. ఆవిరి పేరు చెప్పకూడదనుకుంది, చెప్పకుండా విషయం చెప్పడం కుదరలేదు. నిలబడే చెప్పింది. మొత్తం మూడు మాటలు. తను తగ్గించడం, అతను కలపడం, రెండూ ఒకే తొట్టిలో పడడం.

"మరి ఎందుకు తగ్గిస్తున్నావు?" అని యజమాని అడగలేదు. అతను అడగకపోవడం వల్లనే ఆమెకు తెలిసింది.

"మీకు తెలుసా సార్?"

"కూర్చో అక్కా." అతను బల్ల మీద ఉన్న నమూనా ముక్కల పుస్తకాన్ని తెరిచి, ఏమీ చూడకుండా మూశాడు. "ఎవరో ఒకరు సర్దుతున్నారని తెలుసు. ఎవరని అడగలేదు. అడిగితే మీరు చెబుతారు. మీరు చెబితే నేను ఏదో ఒకటి చెయ్యాలి. నాకు ఆయన బాబాయ్. మా నాన్న కంటే ఎక్కువసేపు ఆయన ఒళ్ళో ఉన్నాను."

"మరి నన్నెందుకు..."

"అంతమంది ముందు నేనేం చెయ్యను? ఆ క్షణంలో ఏదో ఒక మాట అనాలి. నువ్వైతే ఇంటి మనిషివి, సర్దుకుంటావనుకున్నాను." మొహం రుద్దుకున్నాడు. "సోమవారం నుంచి నువ్వు త్రాసు దగ్గరికి వచ్చెయ్. ఆవిరికి నేను చెబుతాను, వేలు పెట్టొద్దని. సర్దేవాళ్ళు ఒక్కరు చాలు. ఎప్పట్లాగే జరిగిపోతుంది."

ఆమెకు త్రాసు తిరిగి వస్తుందన్న మాట విన్నప్పుడు ఒంట్లోంచి బరువేదో దిగినట్టయింది. అంత తేలిగ్గా దిగినందుకు సిగ్గు కూడా వేసింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఈ రోజు దుప్పట్ల నూలు మళ్ళీ వేస్తున్నారు సార్. తగ్గించి వెయ్యమని కట్టలక్కకు ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాలే."

మధ్యాహ్నం ఆమె కడుగుడు తొట్టి దగ్గర్నించి చూసింది. యజమాని త్రాసు దగ్గరికి వచ్చాడు. మేస్త్రి అక్కడే నిలబడి, "నీలం రెండు వందలు," అంటున్నాడు. కట్టలక్క నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో చెంచా పళ్ళెంలో వేస్తూ, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి తూస్తోంది. యజమాని కాసేపు నిలబడ్డాడు. "మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు. "అలాగే ఉన్నాయి బాబూ," అందావిడ. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆవిరి పసుపు డబ్బా వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

*

శుక్రవారం తీగల మీద నూలు నీలంగా ఆరింది. బూడిద ఛాయ మచ్చుకైనా లేదు. దూరం నుంచి చూసినవాళ్ళు కూడా నమూనా ముక్క అడగాల్సిన పని లేదు.

మేస్త్రి చుట్టను గోడ నీడలోకి తీసుకుపోయాడు. తల తిప్పి చూశాడు. తర్వాత అందరి మొహాలూ చూశాడు. ఈసారి ఎక్కువసేపు చూశాడు.

"మళ్ళీ పోయిందా?" అని అడిగాడు.

కట్టలక్కకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడుస్తూనే గట్టిగా మాట్లాడే మనిషి. "నేను ముందే చెప్పాను నాకెందుకు ఈ పని అని! మేస్త్రిగారు రెండు వందలంటే రెండు వందలే వేశాను. ఒక్క రవ్వ అటూ ఇటూ కాలేదు. నా పిల్లల మీద ఒట్టు. కావాలంటే ఈ ముసలిదాన్ని కూడా కడుగుడు తొట్టిలో వెయ్యండి, ఇద్దరం కలిసి మునుగుతాం!"

"చెప్పినంతే వేశావా?" అన్నాడు మేస్త్రి.

"చెప్పినంతే!"

ఆయన చేతిలోని చుట్టను చూసుకున్నాడు. "తూకం సరిగ్గానే ఉండి రంగు తప్పిందన్నమాట."

"ఉప్పు బాబాయ్," అన్నాడు యజమాని చప్పున. "మొన్న తొట్లలో వెయ్యడానికి కొత్త ఉప్పు బస్తాలు వచ్చాయి. అదే అయ్యుంటుంది."

"అవును, ఉప్పు మారింది," అన్నారు ఇంకెవరో.

"ముట్టుకుంటేనే తెలుస్తోంది, గరగరమంటోంది," అన్నాడు ఆవిరి.

తూకమక్క తడిచేతులతో నిలబడి చూస్తోంది. తన కళ్ళ ముందే ఒక అబద్ధానికి కాళ్ళూ చేతులూ వస్తున్నాయి. ఎవరూ ముందుగా అనుకున్నది కాదు. ఒకరి మాట మీద ఇంకొకరు ఒక రాయి పెట్టుకుంటూ పోతున్నారు, అందరూ మంచివాళ్ళే. మేస్త్రి మొహంలో బిగువు సడలింది. తేలికపడ్డట్టు ఊపిరి వదిలాడు. మరో నిమిషం ఊరుకుంటే సోమవారానికి త్రాసు ఆమెదే.

"నువ్వు చెప్పమ్మా," ఆయన ఆమె వైపు తిరిగాడు. "పద్నాలుగేళ్ళు కూర్చున్నదానివి. ఉప్పేనంటావా?"

"కాదు," అంది.

ఆ మాట తనే అన్నట్టు ఆమెకు తెలియలేదు. ఆవిరి దగ్గాడు.

"మరి?"

"మీరు రెండు వందలు చెబితే నేను నూట అరవై వేసేదాన్ని. వేశానని మీతో అబద్ధం చెప్పేదాన్ని. మీకు నీలం తక్కువ కనిపిస్తోంది మావయ్యా. అందుకని ఎక్కువ చెబుతున్నారు."

షెడ్డులో మొదటిసారి ఆయన్ని మావయ్యా అంది.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది ఆమెకు. యజమాని వైపు చూశాడాయన. అతను చూపు దించాడు. ఆవిరి వైపు చూశాడు. అతను కర్ర అందుకుని, ఇక్కడ తొట్టి లేకపోయినా దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి నూలు చుట్టను జాగ్రత్తగా తీగ మీద వేసి, రెండు కొసలూ సమంగా లాగి, లోపలికి వెళ్ళి తన బల్ల మీద కూర్చున్నాడు.

చాలాసేపు ఎవరూ పని మొదలుపెట్టలేదు. "మొదటి తొట్టి చల్లారిపోతోంది, చూడండి," అని ఆయనే లోపల్నించి అన్నాడు. అప్పుడు కదిలారు.

మధ్యాహ్నం ఆమె టీ తీసుకుని వెళ్ళింది. గ్లాసు ఆయన చేతికి తగిలేలా పట్టుకుంది.

"పట్టించి ఇవ్వక్కర్లేదు. గ్లాసు కనిపిస్తుంది," అన్నాడు. తాగాక అన్నాడు: "రాత్రిళ్ళు దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తుంటే వయసనుకున్నాను. అనుమానం రాకపోలేదు. పొద్దున్నే వచ్చి నూలు చూస్తే నేను చెప్పిన రంగు నేను చెప్పినట్టే వచ్చి ఉండేది. రోజూ రంగు సరిగ్గా వస్తుంటే నా కళ్ళు పోతున్నాయని నాకెలా తెలుస్తుందమ్మా?"

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుంది.

*

ఆ సాయంత్రం అత్తగారు వంటింట్లో గొంతు తగ్గించి తిట్టింది. తగ్గించిన గొంతుతో తిట్టినప్పుడే ఆవిడ తిట్లు ఎక్కువ తగులుతాయి.

"నలుగురిలో మామగారి పరువు తీసింది అనిపించుకున్నావు. పుట్టింట్లో నేర్పలేదు, ఇక్కడ నేర్చుకోలేదు."

"మీకు తెలియదా అత్తయ్యా?"

ఆవిడ గరిటె కింద పెట్టింది.

"చొక్కాలు ఎందుకు తీసి పెడుతున్నాననుకున్నావు? ఒకరోజు ఆకుపచ్చది తొడుక్కుని బూడిదరంగు చొక్కా బాగుందా అన్నారు. బాగుందన్నాను. ఏమని చెప్పను? నలభై ఏళ్ళుగా రంగులు చూసి బతికిన మనిషికి, నీకు రంగు తెలియడం లేదని పెళ్ళాం చెబితే ఎలా ఉంటుంది?" కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నేను రాను. ఆయన అడిగితే నాకేమీ తెలియదంటాను. నువ్వూ అదే చెప్పు, మీ అత్తకేమీ తెలియదని."

"అలాగే అత్తయ్యా."

*

శనివారం కంటి ఆసుపత్రిలో రెండు గంటలు బల్ల మీద కూర్చున్నారు. కంట్లో చుక్కలు వేశాక మామగారు కళ్ళు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా కూర్చున్నాడు. పిలిచినప్పుడు ఆమె భుజం పట్టుకుని లేచాడు.

డాక్టరు చిన్నవాడు. ఓపికగా చూశాడు. ఒక యంత్రంలో గడ్డం పెట్టించాడు, ఇంకో యంత్రంలో నుదురు ఆనించాడు. గోడ మీది అక్షరాలు చదివించాడు. కుడికంటితో నాలుగు వరసలు చదివాడు మామగారు. ఎడమకంటితో, "అక్షరాలు ఉన్నాయా అక్కడ?" అని అడిగాడు.

"కుడికంట్లో శుక్లం ముదిరింది పెద్దాయనా. అందుకే అన్నీ పసుపు పట్టినట్టు కనబడుతున్నాయి. ఆపరేషను చేస్తే చూపు తిరిగొస్తుంది, రంగులు కూడా." డాక్టరు కాగితం మీద రాస్తూ చెప్పాడు. "ఎడమకన్ను వేరు. లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. అది వెనక్కి రాదు. మిగిలిన కాస్తా పోకుండా చుక్కలు వేసుకోవాలి, కుడికంటికి కూడా."

"ముందే వచ్చుంటే?" మామగారే అడిగాడు.

"రెండేళ్ళ కిందట వచ్చి ఉంటే దాదాపుగా నిలిచేది. ఈ మధ్య నాలుగైదు నెలల్లో అయితే పెద్ద తేడా ఉండేది కాదు." డాక్టరు కలం మూత పెట్టాడు. "మీది రంగులు చూసే పని అంటున్నారు. పనిలో గానీ ఇంట్లో గానీ ఎవరూ గమనించలేదా?"

మామగారు ఆమె తరఫున జవాబు చెప్పాడు. "మాది అలాంటి పని కాదు బాబూ, ఎవరైనా చెప్పడానికి."

బయటికి వచ్చాక ఎండకు ఆయన కళ్ళు మూసుకుపోయాయి. ఆసుపత్రి గోడ పక్కన నీడలో నిలబెట్టి, ఆమె మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. బస్సు రావడానికి ఇంకా టైము ఉంది. రోడ్డు అవతల ఒక మనిషి గోడకు సున్నం వేస్తున్నాడు. ఆయన అటువైపే మొహం పెట్టి ఉన్నాడు గానీ చూస్తున్నాడో లేదో తెలియడం లేదు.

"అమ్మాయ్."

"చెప్పండి మావయ్యా."

"నీకెప్పటినుంచి తెలుసు?"

అడిగిన తీరులో నిష్ఠూరం లేదు. తూకం ఎంత అని అడిగినట్టు అడిగాడు. ముందటేడు వానాకాలం అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. నిన్న అంతమంది ముందు కాదని చెప్పిన నోరే. ఆయన ఎడమకన్ను తడిగా, తెల్లటి వెలుగులో ఎటో చూస్తోంది.

"మొన్నటి వానల నుంచి," అంది.

ఆయన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. "ఐదు నెలలు. అయితే అప్పటికే అయిపోయిందిలే. డాక్టరు చెప్పాడుగా." ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, ఊతకు కాదు. "నువ్వేమీ మనసులో పెట్టుకోకు. నువ్వొక్కదానివైనా చెప్పావు."

బస్సు వచ్చింది. ఆమె ఆయన్ని ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

ఆపరేషనుకు వచ్చే బుధవారం కాక ఆ పై బుధవారం ఇచ్చారు. సోమవారం ఆమె త్రాసు దగ్గర కూర్చుంది. మేస్త్రి వచ్చి రంగు చెప్పి, "ఎంత తగ్గించాలి?" అని అడిగాడు. "నలభై," అంది ఆమె, అందరికీ వినబడేలా. ఆవిరి పసుపు డబ్బాకు మూత బిగించి పై అరలో పెట్టాడు. సాయంత్రానికి బూడిద నీలం నూలు తీగల మీదికి ఎక్కింది. మంగళవారం అది నమూనాతో సరిపోయింది.

ఎప్పటినుంచి అని ఆయన అడిగినదానికి ఆమె ఇంకా నిజం చెప్పలేదు.